ధూళిని కూర్చు ధ్వని

ధూళి యనగానే మన మనస్సునకు తోచునది వేసవి మధ్యాహ్నమున బాటలపై సుడిగాలి లేపెడు ఎఱ్ఱని దుమ్ము. అది కన్నులను మండించును, బట్టలను మాపును, ఇంటింట చీపురుపని పెంచును; కాని వాయుశుద్ధిని వృత్తిగా గైకొన్న యంత్రజ్ఞునకు గాని, శ్వాసరోగములకు చికిత్స చేయు వైద్యునకు గాని అది ప్రధాన శత్రువు కాదు. ఏలయన నది స్థూలమైనది. స్థూలమగుటచే బరువు గలది. బరువు గలదగుటచే కొన్ని నిమిషములలో తానే నేలకు దిగునది. కంటికి కానరానంత సూక్ష్మమై, దిగుట యెఱుగక, గదిలోని గాలితోను, నగరములోని గాలితోను, తుదకు మనము లోనికి పీల్చు శ్వాసతోను ఎచ్చటికైనను పోగలిగిన కణమే మన భయమునకు తగినది. అట్టి కణములను ధ్వనితరంగములచే ఒండొంటితో తాకించి, అతికించి, పెద్దవిగా జేసి, పట్టుకొనుటకు వీలైనవానిగా మార్చు విద్యను గూర్చి ఈ యధ్యాయమున చెప్పబోవుచున్నాను.

ఈ విషయమున పరిమాణమే సర్వమును నిర్ణయించునని మొదట గ్రహింపవలెను. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. మానవుని తలవెండ్రుక సుమారు 50 నుండి 70 మైక్రానుల మందము గలది. నీటితో సమానమగు సాంద్రత గల 10 మైక్రానుల గోళము నిశ్చలమైన గాలిలో ఒక మీటరు దిగుటకు ఐదున్నర నిమిషములు పట్టును. 1 మైక్రాను గోళమునకు అదే దూరము దిగుటకు దాదాపు 8 గంటలు కావలెను. 0.1 మైక్రాను గోళమైనచో సుమారు 13 దినములు. వ్యాసము తగ్గినకొలది బరువు దాని ఘనమును బట్టి తగ్గిపోవుచుండగా, గాలి యిచ్చెడు నిరోధము వ్యాసమును బట్టి మాత్రమే తగ్గుచుండుటయే దీనికి హేతువని 1851లో స్టోక్స్ అను ఐరిష్ గణితశాస్త్రజ్ఞుడు నిరూపించెను. పైని చెప్పిన కాలములన్నియు గాలి కదలనిచోట వర్తించునవి. కదలని గాలి ప్రపంచమున ఎచ్చటను లేదు గనుక, 1 మైక్రానుకు లోపలి కణము వాస్తవమున పడనే పడదనియు, వాన కడిగిననే గాని వాయుమండలమును విడువదనియు తలచుటయే సత్యమునకు దగ్గర.

ముక్కు, గొంతు, శ్వాసనాళముల తడిగోడలు 10 మైక్రానుల కణములను చాలవఱకు ఆపగలవు, 2.5 మైక్రానులకు లోబడినది ఆ కావలిని దాటి వాయుకోశముల వఱకు పోగలదు. ఇందుచేతనే 2009లో భారతప్రభుత్వము ప్రకటించిన ప్రమాణములయందు ఈ సూక్ష్మకణములకు వేరుగా హద్దు ఏర్పడినది: సంవత్సరపు సగటున ఘనమీటరు గాలికి 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన మార్గదర్శకమును 5 మైక్రోగ్రాములకు దించినది. ఇచ్చట తూకము మనలను మోసగించు విధమొకటి గలదు. 10 మైక్రానుల కణ మొక్కటి బరువున 1 మైక్రాను కణములు 1,000కి సమానము. కావున పొగలోని ధూళి బరువులో నూటికి 99 వంతులు పట్టితిమని చెప్పుకొను యంత్రము సైతము, సంఖ్యలో లెక్కించినచో సూక్ష్మకణములలో పెక్కింటిని విడిచిపెట్టియుండవచ్చును.

పొగను శుద్ధిచేయు పరికరము లెన్నియో కలవు. పొగను సుడిత్రిప్పి, బరువైన కణములను గోడకు విసరివేయు సైక్లోన్ వానిలో చవుకైనది, సరళమైనది. కాని 5 మైక్రానులకు లోబడిన ధూళిపై దానికి అధికారము స్వల్పము. విద్యుత్కేంద్రములయందు విరివిగా నుండునది ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్. అచ్చటి కార్మికులు దానిని ఈఎస్‌పీ యందురు. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో కాలిఫోర్నియాలో కాట్రెల్ అను రసాయనశాస్త్రజ్ఞుడు దీనిని కర్మాగారమునకు పనికివచ్చునట్లు రూపొందించెను. తీగలకు అత్యధిక వోల్టేజి నిచ్చి, కణములకు విద్యుదావేశము గలిగించి, పలకలపై పట్టుట దీని పద్ధతి. పెద్ద కణములు విద్యుత్ క్షేత్రములో అయానుల తాకిడిచే ఆవేశమును పొందును, మిక్కిలి చిన్నవి తమ అస్థిరచలనముచే అయానులతో కలిసి పొందును, 0.1 నుండి 1 మైక్రాను వఱకు గల నడిమి కణములకు ఈ రెండు మార్గములును బలహీనములే. బట్టసంచుల ఫిల్టరు ఇంతకంటె మేలుగా పట్టును గాని, గాలిని దానిగుండా నెట్టుటకు ఫ్యాన్లు అధికముగా శ్రమింపవలెను, సంచులు తరచుగా మార్పవలెను, అత్యుష్ణమైన పొగకు అవి తాళవు.

వల కన్నులను ఇంకను సన్నము చేయుటయా, లేక పట్టవలసినదానిని పెద్దది చేయుటయా యన్న ప్రశ్న ఇచ్చట పుట్టినది. రెండవది ప్రకృతి తానే చేయుచున్న పని. 1827లో రాబర్టు బ్రౌన్ నీటిలో కాంచిన నిరంతర చలనము గాలిలోని సూక్ష్మకణములకును కలదు. అవి యాదృచ్ఛికముగా తాకును, తాకినవి అణువుల మధ్య గల ఆకర్షణచే అతుకుకొనును, సంఖ్య తగ్గును, పరిమాణము పెరుగును. ఈ క్రియ ఎంత వేగముగ జరుగునో పోలండు దేశీయుడగు స్మొలుకోవ్‌స్కీ 1916, 1917 సంవత్సరములలో గణించి చూపెను. ఆ గణితము ననుసరించి ఘనసెంటీమీటరు గాలిలో 10 లక్షల కణము లున్నచో వాని సంఖ్య సగమగుటకు అరగంట మొదలు గంటవఱకు పట్టును. 10 వేలే యున్నచో రెండు దినములు మించును. కర్మాగారపు పొగ గొట్టములగుండా ప్రయాణించునది కొన్ని సెకనులు మాత్రమే. ప్రకృతి గంటలలో చేయుపనిని క్షణములలో చేయింపవలెనన్నచో కణములకు చలనమును మనమే కల్పింపవలెను. గాలి నంతటిని లోలోపల కదిలించి, నెట్టివేయక ఉన్నచోటనే ఊపగలిగిన శక్తి ధ్వని యొక్కటే.

ధ్వనికిని పొడులకును గల చుట్టరికము శాస్త్రజ్ఞులకు చిరకాలముగ తెలిసినదే. 1787లో జర్మనీ దేశీయుడు క్లాడ్ని లోహపు పలకలపై ఇసుక చల్లి, వాని యంచులను ఫిడేలు కమానుతో మీటి, ఇసుక కదలని రేఖలమీద చేరి చిత్రములుగా నేర్పడుటను ప్రకటించెను. అయితే ఇసుకకు బదులు మిక్కిలి సన్నని పొడి చల్లినచో అది కదలని రేఖలకు పోక, పలక యెక్కువగా కంపించుచోటనే కుప్పలగుచుండెను. ఒకే పలక, ఒకే నాదము, వ్యతిరేకమైన ఫలితము! ఈ చిక్కును 1831లో విప్పినవాడు మైకేల్ ఫారడే. కంపించు పలక తన చుట్టునున్న గాలిలో చిన్న ప్రవాహములను పుట్టించుననియు, ఇసుక బరువు గలదగుటచే ఆ ప్రవాహములను లక్ష్యపెట్టదనియు, సన్నని పొడి మాత్రము వాని వెంట పోవుననియు ఆయన ఊహించెను. ఊహతో తృప్తినొందక పలకను గాలి తీసివేసిన పాత్రలో నుంచి కంపింపజేసెను. గాలి లేకపోగా సన్నని పొడియు ఇసుకవలెనే కదలని రేఖలకు చేరినది. ఈ ప్రయోగమును నేను ఎన్నిమారులు తలచుకొన్నను తనివి తీరదు. ఏలయన పెద్దకణము తన జడత్వమునకు లొంగును, చిన్నకణము గాలికి లొంగును అన్న మన యధ్యాయపు మూలసూత్రము అందు నగ్నముగ సాక్షాత్కరించినది.

పిమ్మట 1866లో కుంట్ అను జర్మన్ శాస్త్రజ్ఞుడు గాజుగొట్టములో లైకోపోడియమను మొక్కపొడిని పలుచగ పఱచి, ఒక కడ్డీని రుద్ది గొట్టములో స్థిరతరంగములను పుట్టించెను. పొడి సమదూరములందు కుప్పలుగ చేరినది. ఆ దూరమును కొలిచి ఆయన వివిధ వాయువులలో ధ్వనివేగమును లెక్కించెను. నేటికిని మన కళాశాలల ప్రయోగశాలలలో విద్యార్థులు చేయు ప్రయోగమిది. కుప్పల నడుమ ఆ పొడి సన్నని అడ్డుచారలుగ నిలుచుటకు కారణమును 1891లో కోనిగ్ వెదకెను. ఊగుచున్న గాలిలో పక్కపక్కన నిలిచిన రెండు గోళముల నడుమ గాలి యిరుకున బడి వేగముగ పోవును. వేగము పెరిగినచోట పీడనము తగ్గును. తగ్గుటచే అవి ఒండొంటికి దగ్గరగును. గాలి యూగెడు దిశలోనే ఒకదాని వెనుక నొకటి యున్నచో వికర్షించును. ధ్వని కణములను దగ్గఱ చేర్పగలదను భావమునకు ఇది తొలి గణితరూపము.

ఇక ధ్వని గాలిలోని ధూళిని చేర్చు ప్రధాన విధమును తెలిసికొనవలెను. కళ్ళములో ధాన్యము తూర్పారబట్టుట చూచినవారికి అది సులభముగ బోధపడును: చేటనుండి జారవిడిచిన గింజ నిలువుగ దిగును, పొల్లు గాలి పోయినవైపు పోవును, గాలి యొక్కటే యైనను బరువును బట్టి దాని ఆజ్ఞ రెండు విధములుగ పాలింపబడుచున్నది. ధ్వనితరంగములో గాలి ఒకవైపునకు పోయి ఊరకుండక, 1,000 హెర్ట్జుల పౌనఃపున్యమైనచో సెకనుకు 1,000 మారులు ముందునకు వెనుకకు ఊగును. 1 మైక్రాను కణము గాలి వేగమును అందుకొనుటకు సెకనులో 10 లక్షల వంతులలో మూడు నాలుగు వంతుల కాలము చాలును గనుక గాలితో పూర్తిగ ఊగును. 10 మైక్రానుల కణమునకు అట్టి వంతులు సుమారు 300 కావలెను. అది గాలి యూపులో సగమైన అందుకొనకముందే గాలి వెనుదిరుగును. ఈ విధముగ చిన్నకణము తిరుగుచుండగా, పెద్దది వెనుకబడుచుండగా, రెంటి నడుమ నిరంతర సాపేక్షచలన మేర్పడి, చిన్నవి పెద్దదానికి వచ్చి తగులుచుండును.

ఊపు ఎంత దూరమో లెక్కింతము. 150 డెసిబెల్‌ల ధ్వనియందు చదరపు మీటరుకు 1,000 వాట్ల శక్తి ప్రవహించును. ఇద్దరు మాటలాడుకొను ధ్వని 60 డెసిబెల్‌లని యనుకొన్నచో, దీని తీవ్రత దానికి 100 కోట్ల రెట్లు. ఇంతటి నాదములో 1,000 హెర్ట్జుల వద్ద సాధారణపు గాలి సెకనుకు గరిష్ఠముగ 2.2 మీటర్ల వేగముతో, మధ్యస్థానమునుండి ఇరువైపుల మిల్లీమీటరులో మూడవవంతు చొప్పున ఊగును. మనకిది స్వల్పముగ తోచును. 1 మైక్రాను కణమునకు అది తన శరీరమునకు 350 రెట్ల ప్రయాణము, దానిని సెకనుకు 1,000 మారులు పోయి రావలసియున్నది. అదే తీవ్రతతో పౌనఃపున్యమును 20,000 హెర్ట్జులకు పెంచినచో ఊపు 17 మైక్రానులకు కుంచించుకొనును. దీనినిబట్టి ఒక పౌనఃపున్యము అన్ని ధూళులకు తగదని స్పష్టమగుచున్నది: స్థూలమైన బూడిదకు శ్రవ్యధ్వని మేలు, అంతయు మైక్రానుకు లోబడిన పొగయైనచో, వానిలో పెద్దవియు గాలితోనే యూగును గావున, వానిని వెనుకబడజేయుటకు ఇంకను త్వరగా తిరుగు గాలి, అనగా అతిధ్వని కావలెను.

సోవియట్ శాస్త్రజ్ఞుడు మెద్నికోవ్ 1963లో మాస్కోనుండి ప్రకటించిన గ్రంథము ఈ శాస్త్రమునకు చిరకాలము పాఠ్యగ్రంథముగ నుండెను. పెద్దకణ మొక్కటి తన ఊపులో ఎంత గాలిని గాలించునో ఆ ఘనపరిమాణమునకు ఆయన విలువ కట్టెను. అందులోనే యొక ప్రశ్న పుట్టినది: ఆ కొంచెపు చోటిలోని చిన్నకణములన్నియు కొలదిమారుల యూపులలోనే పెద్దదానికి అతుకుకొన్న పిమ్మట, ఆ చోటు ఖాళీయైయుండగా, చేరిక యెట్లు కొనసాగును? కొత్తకణములు ఆ చోటిలోనికి వచ్చుటకు గాలిలోని సుళ్ళును, కోనిగ్ చెప్పిన ఆకర్షణ వంటి బలములును తోడ్పడవలెను. మఱియొక ప్రశ్న దీనికంటె కఠినమైనది. కణములన్నియు సమపరిమాణము గలవైనచో అన్నియు ఒకే తీరున ఊగును, సాపేక్షచలనమే లేదు, అయినను ప్రయోగములలో అట్టివియు చేరుచునే యున్నవి.

దీనికి సమాధానము 1950ల చివర సోవియట్ దేశమున సూచింపబడినది. గాలిలో కదలుచున్న కణము తన వెనుక నిరోధము తక్కువైన ఒక జాడను విడుచును. ఆ జాడలోనున్న రెండవ కణము తక్కువ నిరోధముచే మొదటిదానిని సమీపించును. అర్ధావర్తనము ముగియగా గాలి వెనుదిరుగును. ఇప్పుడు రెండవది ముందు, మొదటిది దాని జాడలో. కావున గాలి ఎటు పోయినను ఆ రెండును దగ్గరగుచునే యుండును. ఊగెడు దిశలో ఒకదాని వెనుక నొకటి యున్న కణములు వికర్షించునని కోనిగ్ గణితము చెప్పగా, గాలి స్నిగ్ధతను లెక్కలోనికి తీసికొన్న ఈ సిద్ధాంతము ఆకర్షించునని చెప్పినది. ఏది నిజమో కన్నులార చూచినవారు అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయమున హాఫ్‌మన్, కూప్‌మన్ అనువారు. వారు 1996, 1997 సంవత్సరములలో ప్రకటించిన చిత్రములలో కొన్ని మైక్రానుల గాజుగోళములు ధ్వనిక్షేత్రములో దిగుచు, జంటలై క్రమముగ దగ్గరకు వచ్చి, తుదకొకటియై పోవుట కానవచ్చెను. ఆ రెండు బాటలు కలిసి శ్రుతిదండమును పోలిన యాకృతి ఫలకముపై నిలిచినది. జాడ సిద్ధాంతమే గెలిచినది.

ఈ విద్య ప్రయోగశాలనుండి కర్మాగారమునకు వెడలిన కథ ఉత్సాహముతో నారంభమై త్వరలోనే తడబడినది. 1931లో లీడ్స్ విశ్వవిద్యాలయమున పొగలను గూర్చి పరిశోధించుచుండిన పాటర్సన్, కావుడ్ అనువారు ధ్వనించుచున్న గొట్టములో మెగ్నీషియం ఆక్సైడు పొగ ముద్దలు కట్టుటను గమనించి ప్రకటించిరి. జర్మనీలోని కొలోన్‌లో బ్రాంట్, హీడెమాన్ అనువారు దానికి సిద్ధాంతమును కల్పించిరి. 1936లో ఫారడే సొసైటీ ధూళి, పొగ, మంచులను గూర్చి జరిపిన చర్చాసభ ప్రచురణలలో వారి వ్యాసమును, లండన్‌లోని ఆంద్రాదే వ్యాసమును చోటుచేసికొన్నవి. అమెరికా గనులశాఖలో సెయింట్ క్లేర్ శక్తిమంతమైన ధ్వని యంత్రములను నిర్మించెను. 1940ల చివర అమెరికాలోని కార్బన్ బ్లాక్ కర్మాగారములు, టైర్లకును సిరాకును కావలసిన ఆ నల్లపొడి మిక్కిలి సూక్ష్మమై చేజిక్కనందున, గొట్టమునకు సైరన్‌ను, దాని వెనుక సైక్లోన్‌ను అమర్చి పట్టుటకు పూనుకొన్నవి. పొడి చేరినది, సైక్లోన్‌కు పట్టుబడినది. అయినను ఆ పద్ధతి నిలువలేదు. సైరన్‌లకు వలసిన సంపీడనవాయువు ఖరీదైనది, వాని మ్రోత సమీపమున పనిచేయువారికి భరింపరానిది, పోటీకి వచ్చిన ఈఎస్‌పీలు, సంచుల ఫిల్టర్లు దినదినమునకు మెఱుగగుచుండెను. చెవికి 130 డెసిబెల్‌ల వద్దనే నొప్పి పుట్టును. 150 డెసిబెల్‌లు గొట్టమునుండి కొంచెము వెలువడినను వినికిడిని శాశ్వతముగ హరింపగలవు. కార్మికుని చెవి కర్మాగారపు ఆదాయవ్యయములలో ఏ పద్దునను కానరాదు గాని, ఈ పద్ధతిని తూచునప్పుడు దానిని మొదటి పద్దుగ వ్రాయవలెనని నా దృఢాభిప్రాయము.

1970 తరువాత సూక్ష్మకణముల హాని వైద్యశాస్త్రమున స్పష్టమగుచు రాగా ఈ విద్యకు పునర్జన్మ కలిగినది. పెన్సిల్వేనియాలో రీథాఫ్ బొగ్గుబూడిదపై శ్రవ్యధ్వనితో దీర్ఘకాలము పరిశోధించెను. నా మతమున అంతకంటె ముఖ్యమైన మార్పు స్పెయిన్ దేశమునుండి వచ్చినది. మాడ్రిడ్‌లోని ధ్వనిశాస్త్ర సంస్థలో గయేగో హువారెస్, ఆయన సహచరులు సైరన్‌ను విడిచిపెట్టి, విద్యుత్తుచే కంపించు లోహపు పలకను గ్రహించిరి. పెద్దపలక కంపించునప్పుడు దానిలో కొంతభాగము ముందునకు పోవుచుండగా ప్రక్కభాగము వెనుకకు వచ్చును. రెండు భాగముల ధ్వనులును గాలిలో ఒండొంటిని చెఱిపివేయును. ఆ భాగములను తరంగదైర్ఘ్యములో సగమెత్తున మెట్లుగ చెక్కినచో, మెట్టు కల్పించిన ఆలస్యముచే వ్యతిరేకధ్వనులు అనుకూలములై ఒక్కటిగ వెడలును. ఇంత సరళమైన యుక్తితో గాలిలోనికి అతిధ్వనిని నష్టము తక్కువగ పంపుట సాధ్యమైనది. ఈ పలకలను 10,000, 20,000 హెర్ట్జుల వద్ద నడిపి, బొగ్గును మండించు చిన్న ప్రయోగాత్మక కేంద్రమున ఈఎస్‌పీకి ముందుంచి, సూక్ష్మకణముల విడుదల సుమారు 40 శాతము తగ్గినదని వారు 1999లో ప్రకటించిరి. 20,000 హెర్ట్జులు మనుష్యకర్ణమునకు దాదాపు వినరానివి గనుక మ్రోత బాధయు కొంత తగ్గినది.

నలువది శాతము గొప్పదా, స్వల్పమా? శక్తి లెక్కలోనికి దిగక దీనికి సమాధానము చెప్పరాదు. ఒక చదరపు మీటరు అడ్డుకొలత గల గొట్టములో పొగ సెకనుకు 2 మీటర్లు పోవుచున్నదనుకొందము. దానిని 150 డెసిబెల్‌ల ధ్వనితో నింపుటకు 1 కిలోవాటు ధ్వనిశక్తి వలయును, ఆ శక్తి శుద్ధిచేయునది సెకనుకు 2 ఘనమీటర్లు. సెకనుకు 100 ఘనమీటర్ల పొగకు 50 కిలోవాట్లు. పెద్ద విద్యుత్కేంద్రపు ఉత్పత్తితో పోల్చినచో ఇది అల్పమే. కాని చేరిక చాలక 160 డెసిబెల్‌లకు పెంచవలసినచో 50 కిలోవాట్లు 500 అగును, ఏలయన ప్రతి 10 డెసిబెల్‌లకు శక్తి పదిరెట్లు పెరుగును. ఇది గాలిలోనికి చేరవలసిన ధ్వని మాత్రమే. సైరన్ గాని పలక గాని మ్రింగివేయునది దీనికి అదనము. గొట్టము కొలతలు అనునాదమునకు తగినట్లుండి స్థిరతరంగ మేర్పడినచో తక్కువ శక్తితో ఎక్కువ తీవ్రత లభించును గాని, పొగ ఉష్ణోగ్రత మాఱినప్పుడెల్ల ధ్వనివేగము మాఱును, అనునాదము తప్పును, యంత్రము దానిని వెంబడించి శ్రుతి సరిచేసికొనుచుండవలెను.

అతుకు గట్టిగ నుండుటయు ముఖ్యమే. మసికణములు గొలుసులుగ, తేలికపాటి జడలుగ చేరును. బొగ్గుబూడిదలోని గాజువంటి నునుపు గోళములు అంత సులభముగ అంటవు, అంటినవి గొట్టపు మలుపులలోని సుళ్ళకు మరల విడిపోవచ్చును. పొగలో తేమ యున్నచో అతుకు బలపడును. సూక్ష్మమైన ధూళిలో కావలెనని కొన్ని పెద్దకణములను విత్తనములవలె చల్లినచో, పైని చెప్పిన సాపేక్షచలనము వృద్ధియై చేరిక వేగిరపడును. సున్నపుపొడి ఇందులకు పనికివచ్చును. ధూళిని పట్టుటకు ధూళిని చల్లుట వింతగ తోచినను, చల్లినది పట్టుటకు సులభమైన ధూళి.

మన ప్రాంతమునకు దీనితో గల సంబంధము బొగ్గుద్వారమున వచ్చినది. రామగుండము, కొత్తగూడెము, ఇబ్రహీంపట్నము, విశాఖ సమీపమందలి సింహాద్రి మొదలగు థర్మల్ కేంద్రములు భారతదేశపు బొగ్గుతో నడచునవి. ఆ బొగ్గునందు బూడిద 30 నుండి 45 శాతము వఱకు ఉండుట సామాన్యము. గంధకము తక్కువ, అది ఇతర విధముల మేలే యైనను, దాని కొఱతచే బూడిదకు విద్యుత్ నిరోధము హెచ్చి ఈఎస్‌పీ పని కష్టమగును. 2015 డిసెంబరులో కేంద్రప్రభుత్వము విధించిన నియమములు పాత యూనిట్లకు ఘనమీటరు పొగలో 100 మిల్లీగ్రాముల ధూళిని, 2004 మొదలు 2016 వఱకు స్థాపింపబడినవానికి 50, 2017 నుండి వచ్చినవానికి 30 మాత్రమే అనుమతించుచున్నవి. పాత యూనిట్ల ఈఎస్‌పీలను పెద్దవి చేయుటకు స్థలము దొరకుట దుర్లభము. అమ్మోనియా, సల్ఫర్ ట్రైఆక్సైడు వంటివానిని పొగలో కలిపి బూడిద స్వభావమును మార్చు పద్ధతులు వాడుకలో నున్నవి. ఈఎస్‌పీకి ముందున్న గొట్టములోనే ధ్వనిచే కణములను పెంచగలిగినచో, కొత్త స్థలమును గాని, పొగలో కొత్త రసాయనమును గాని కోరని సాయము లభించును. ఈ సాయము పెద్ద కేంద్రమునకు చాలునా యన్నది అట్టి పొగతోనే, అట్టి బూడిదతోనే పరీక్షించి తేల్పవలసిన విషయము.

ధ్వని తానై ధూళిని గాలినుండి తీయదు. తీయు యంత్రము వెనుక లేనిచో అది చేయు పనికి ఫలము స్వల్పము. దాని స్థానము ఈఎస్‌పీకి, సైక్లోన్‌కు ముందు. వానికి బదులు కాదు. అతిధ్వనులచే ఇంటిగాలిని శుద్ధిచేయుదునని చెప్పు పరికరము మీ యెదుటకు వచ్చినచో, చేరిన ముద్దలు ఎచ్చట పట్టుబడుచున్నవని, ధ్వని ఎన్ని డెసిబెల్‌లని అడుగుడు.

అతిధ్వనుల విషయమున తెలుగువారికి పరిశోధన పరంపర లేకపోలేదు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున సూరి భగవంతముగారును, బి. రామచంద్రరావుగారును 1940లలోనే అతిధ్వనితరంగములు కాంతిని వివర్తింపజేయు విధమును శోధించి ప్రకటించిరి. వారి పని గాలిలోని ధూళిని గూర్చినది కాకపోయినను, అట్టి తరంగములను పుట్టించుట, కొలుచుట, లొంగదీయుట అన్న విద్య ఇచ్చట వేళ్లూనినది. నేడు ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులకు ఒక గాజుగొట్టము, ఒక బలమైన లౌడ్‌స్పీకరు, అగరువత్తి పొగ, పక్కనుండి ప్రసరించు లేజరుకాంతి చాలును. పొగ రేణువులు చేరుట కన్నులకే కానవచ్చును, చెవులకు మాత్రము రక్షణ తప్పక ధరింపవలెను. ఇట్టి ప్రయోగమును గాని, దీనికి వేయిరెట్ల పెద్దదానిని గాని చేయువారిని నేను కోరునది ఇది: ధ్వనికి ముందును వెనుకను ధూళి బరువును మాత్రమే చెప్పక, 1 మైక్రానుకు లోపలి కణముల సంఖ్యను వేరుగ లెక్కించి చెప్పుడు, దానితోపాటు 1,000 ఘనమీటర్ల గాలికి ఎన్ని యూనిట్ల విద్యుత్తు ఖర్చైనదో అదే పట్టికలో వ్రాయుడు.